ఒంటరి నక్షత్రం: వాగ్దానం ఎవరికి, నెరవేరింది ఎవరికి?

డిసెంబరు 31 రాత్రి మన తెలుగు చర్చిల్లో ఏం జరుగుతుందో తెలియనివాళ్ళ కోసం ముందుగా నాలుగు మాటలు. పన్నెండు దాటి కొత్త సంవత్సరం వచ్చాక, పాటలూ ప్రార్థనలూ అయ్యాక, ఒక పళ్ళెంలో చిన్న చిన్న కార్డులు బోర్లించి తెస్తారు. ఒక్కొక్కరూ ఒక్కో కార్డు తీసుకుంటారు. దాని మీద బైబిల్లోంచి ఒక వాక్యం ఉంటుంది. ఆ ఏడాదికి అదే మీ "వాగ్దానం" అన్నమాట. కొందరు పర్సులో పెట్టుకుంటారు, కొందరు ఫ్రిజ్ మీద అంటిస్తారు. నా పాత ఆఫీసులో ఒకాయన మానిటరు అంచుకి అతికించుకునేవాడు. ఇందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. చిక్కల్లా ఆ వాక్యం ప్రకారం జరగనప్పుడే. ఏడాది తిరిగేసరికి ఉద్యోగం పోయినవాడు, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్ళు ఆ కార్డుని ఏం చేసుకోవాలి?

ఈ ప్రశ్నకి మా ప్రకాశం జిల్లా వైపు బాగా చెల్లుబాటయ్యే జవాబు ఒకటుంది. ఒంగోలు ప్రార్థన కొండ కథ. ఐదుగురు కొండెక్కి ప్రార్థన చేశారు, ఏళ్ళ తరబడి ఏమీ జరగలేదు, అయినా నమ్మారు, చివరికి ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, కాబట్టి మీరూ ఓపిక పట్టండి, మీ వీసా కూడా వస్తుంది. దాదాపుగా ఇలాగే చెబుతారు. కథ నిజమే. కానీ సగమే చెబుతున్నారని నా ఫిర్యాదు. మిగతా సగం చెబితే అర్థం వేరేగా వస్తుంది.

కథ చెప్పేవాళ్ళు 1854 దగ్గర మొదలుపెడతారు. నేను ఇంకాస్త వెనక నుంచి వస్తాను.

1835 నాటికి అమెరికన్ బాప్టిస్టుల ధ్యాసంతా బర్మా మీదే. ఒరిస్సాలో పనిచేస్తున్న ఏమోస్ సట్టన్ అనే ఇంగ్లీషు బాప్టిస్టు అమెరికా వెళ్ళినప్పుడు, ఇలా తెలుగువాళ్ళని ఒకళ్ళున్నారు, లక్షల మంది, వాళ్ళ దగ్గరికి కూడా మనిషిని పంపండి అని పోరాడు. అలా బయల్దేరినవాడు శామ్యూల్ డే. 1835 సెప్టెంబరులో బోస్టన్‌లో ఓడెక్కి, 1836లో విశాఖపట్నం చేరాడు. అక్కణ్ణుంచి చికాకోలు (ఇప్పటి శ్రీకాకుళం), 1837లో మద్రాసు, చివరికి 1840లో నెల్లూరు. ఎక్కడ ఉండాలో తేలడానికే నాలుగేళ్ళు పట్టిందన్నమాట. ఆ ఏడాదే మొదటి తెలుగువాడికి బాప్తిస్మం ఇచ్చాడు. ఇంకేముంది, దారి తెరుచుకుంది అనుకుని ఉంటాడు. ఏమీ తెరుచుకోలేదు. తోడుగా వచ్చిన వాన్ హ్యూసెన్ జబ్బుపడి వెళ్ళిపోయాడు. 1845లో డే కూడా ఆరోగ్యం చెడి అమెరికా వెళ్ళాల్సి వచ్చింది.

1848లో అక్కడి బోర్డు ముందుకు ప్రశ్న వచ్చింది: ఈ నెల్లూరు పని ఉంచుదామా, మూసేద్దామా? డే స్వయంగా వాదించి నిలబెట్టుకున్నాడు. 1849లో లైమన్ జ్యువెట్ దంపతులతో కలిసి మళ్ళీ నెల్లూరు వచ్చాడు. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆరోగ్యం మళ్ళీ దెబ్బతింది. 1853లో వెళ్ళిపోయినవాడు ఇక తిరిగి రాలేదు.

అదే 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో జరిగిన సభలో మళ్ళీ అదే ప్రశ్న. గోడ మీద పటం ఉంది, మిషన్ కేంద్రాలున్న చోటల్లా నక్షత్రాలు. బర్మా వైపు గుంపుగా ఉన్నాయి. బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒకే ఒక్క నక్షత్రం. మూసెయ్యడమే మంచిదని కొందరు గట్టిగా చెప్పారు. అప్పుడు కార్యదర్శి ఎడ్వర్డ్ బ్రైట్ లేచి, సరే, మూసేస్తున్నామని జ్యువెట్‌కి ఉత్తరం రాసేదెవరు అని అడిగాడట. ఎవరూ ముందుకు రాలేదు. ఆ సభలోనే శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఉన్నాడు. "అమెరికా" అనే దేశభక్తి గీతం రాసింది ఈయనే. ఆ రాత్రికి రాత్రే ఆ ఒంటరి నక్షత్రం మీద ఒక పద్యం రాసుకొచ్చాడు. మర్నాడు అది చదివితే విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారని చెబుతారు. మిషన్ బతికిపోయింది. "లోన్ స్టార్ మిషన్" అనే పేరు అలా వచ్చిందే.

ఇక 1854 జనవరి 1. జ్యువెట్, ఆయన భార్య యుఫీమియా, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. ఈ ఐదుగురూ తెల్లవారుజామున ఒంగోలులో కొండెక్కారు. (నర్సు అంటే ఆసుపత్రి నర్సు కాదు, మనిషి పేరు. పాపం ఈయన్ని చాలామంది నర్సమ్మని చేసేశారు.) యెషయా గ్రంథం 52వ అధ్యాయం చదువుకున్నారు. కొండల మీదుగా మంచి కబురు తెచ్చేవాడి పాదాల గురించిన భాగం అది. ఒంగోలుకి ఒక మిషనరీని పంపమని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేశారు. కొండ మీంచి కనిపించే ఒక స్థలం చూపించి, అక్కడ మిషనరీకి ఇల్లు కడితే ఎంత బావుంటుంది అనుకున్నారని కూడా చెబుతారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. వాళ్ళు అడిగింది వేలమందిని కాదు. ఒక్క మనిషిని. ఆ ఒక్క మనిషీ ఒంగోలులో కాపురం పెట్టడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఈలోగా 1862లో జ్యువెట్ కూడా జబ్బుపడి అమెరికా చేరితే, బోర్డు మూడోసారి మూసేద్దామంది. మన భాషలో చెప్పాలంటే మూడు ప్రాజెక్టు రివ్యూలు, మూడుసార్లూ స్టేటస్ ఎరుపే. జ్యువెట్ మాత్రం, మీరు పంపినా పంపకపోయినా నేను వెళ్తాను, అక్కడే బతికి అక్కడే చస్తాను అన్నాడు. దానికి కార్యదర్శి, అయితే నిన్ను పాతిపెట్టడానికైనా ఒకణ్ణి తోడు పంపాలి కదా అన్నాడట. అలా తోడు వచ్చినవాడే జాన్ ఎవరెట్ క్లౌ. మావాళ్ళు ఇప్పటికీ క్లౌ దొర అంటారు. అంతకుముందు అమెరికాలో భూముల సర్వే జట్టులో పనిచేశాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1864 నవంబరులో బయల్దేరి 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగాడు, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది.

ఇంతవరకూ పాస్టర్లు చెప్పే కథకీ నా కథకీ పెద్ద తేడా లేదు. ఇక్కణ్ణుంచే దారులు వేరవుతాయి.

మొదటి సంగతి. నమ్మి ఎదురుచూస్తే తప్పకుండా జరుగుతుంది అనడానికి ఈ కథ రుజువు కాదు. 1805లో, అంటే డే కన్నా ముప్పై ఏళ్ళు ముందు, లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డి గ్రాంజ్ అనే ఇద్దరు విశాఖపట్నం వచ్చారు. వాళ్ళు చదివింది అదే బైబిలు, నమ్మింది అవే వాగ్దానాలు. తెలుగు నేర్చుకుని సువార్తల్ని అనువదించడం మొదలుపెట్టారు. 1809లో క్రాన్ పోయాడు, 1810లో డి గ్రాంజ్ పోయాడు. వాళ్ళు చేసిన అనువాదం శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. అచ్చుపుస్తకం చూసుకోవడానికి ఇద్దరూ లేరు. వీళ్ళ మీద ఎవరూ పద్యం రాయలేదు, వీళ్ళ పేరు మీద ఏ కొండా లేదు. గెలిచిన కంపెనీల కథలు మాత్రమే చదివి వ్యాపారం చెయ్యడం ఇంత తేలికా అనుకోవడం లాంటిదే, ఒంగోలు కొండ ఒక్కటే చెప్పి విశ్వాసం గురించి పాఠం చెప్పడం.

రెండో సంగతి. వచ్చినవాళ్ళు అనుకున్నవాళ్ళు కాదు. ఆ కాలపు మిషనరీల లెక్క మామూలుగా ఎలా ఉండేదంటే, ముందు బ్రాహ్మల్నీ పెద్ద కులాల్నీ మారిస్తే మిగతావాళ్ళు వెనకాలే వస్తారు అని. ఒంగోలులో కూడా బడి పెడితే పై కులాల పిల్లలే వచ్చారు. కానీ సంఘంలోకి వచ్చింది మాదిగలు. ఎర్రగుంట్ల పేరయ్య అని ఒకాయన, తోళ్ళ వ్యాపారి, ఒంగోలుకి పడమట నలభై మైళ్ళకి అటూ ఇటూ ఆయన ఊరు. అప్పటికే రాజయోగం నేర్చుకుని, దేవుణ్ణి వెతుక్కుంటూ గురువుల చుట్టూ తిరిగిన మనిషి. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. నన్నడిగితే ఈ కథలో అసలైన మనిషి ఈయనే. పల్లెపల్లెకీ తిరిగి తన బంధువులకీ బేరగాళ్ళకీ చెప్పింది పేరయ్య. దొర గుర్రం వెళ్ళలేని చోటికి తోళ్ళ బేరం వెళ్ళింది.

అప్పుడు పై కులాలవాళ్ళు వచ్చి, వీళ్ళని చేర్చుకుంటే మేం రాము అన్నారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో కూర్చుని ఎవరి బైబిలు వాళ్ళు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు వచ్చిందని మిషన్ చరిత్రల్లో ఉంటుంది: కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం చివరి భాగం. లోకం లెక్కలోకి రానివాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడని చెప్పేది. ఈ యాదృచ్ఛికాన్ని మీరు నమ్మినా నమ్మకపోయినా, ఆ రోజు తీసుకున్న నిర్ణయం మాత్రం చరిత్ర. పటం మీద నక్షత్రం చూసి పద్యం రాసిన స్మిత్ గారికి గానీ, 1854లో కొండెక్కినవాళ్ళకి గానీ ఇది ఊహలో కూడా ఉండి ఉండదు.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. చదవడానికి మామూలు మత నియమాల్లా కనిపిస్తాయి. ఆ రోజుల్లో ఊళ్ళో అవి మూడు తిరుగుబాట్లు. ఆదివారం పని మానడమంటే మోతుబరికి వెట్టి ఎగ్గొట్టడం. విగ్రహం మానడమంటే జాతరకి డప్పు కొట్టనని చెప్పడం. ఊరు ఊరుకుంటుందా? పని ఇవ్వకుండా, నీళ్ళు తోడుకోనివ్వకుండా ఎన్ని రకాలుగా సతాయించాలో అన్ని రకాలుగానూ సతాయించారు. వాగ్దానం నమ్మినందుకు మొదట వచ్చింది ఆశీర్వాదం కాదు, దెబ్బలు.

తర్వాత 1876-78 కరువు. మనం ధాత కరువు అని పేరు వింటామే, అది ఇదే. బ్రిటిష్ పాలన కింద ఉన్న ప్రాంతాల్లోనే యాభై లక్షలకి పైగా చచ్చిపోయారని అంచనా. ఖర్చు తగ్గించమని వచ్చిన రిచర్డ్ టెంపుల్ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. చరిత్రలో దానికి "టెంపుల్ కూలి" అని పేరే ఉండిపోయింది. మద్రాసు గవర్నరుగా ఉన్న డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు మీదే మన బకింగ్‌హాం కాలువ. ఆ కాలువ తవ్వకం కరువు పనుల్లో ఒకటి. మాల మాదిగల్ని మేస్త్రీలు అడ్డంగా దోచుకుంటున్నారని చూసి, క్లౌ మూడున్నర మైళ్ళ తవ్వకం తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే అనుభవం ఇక్కడ పనికొచ్చింది. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది పనిచేశారు. పగలు పలుగూ పారా, సాయంత్రం వాళ్ళ మధ్య కూర్చుని కబుర్లు, ప్రార్థన.

ఇక్కడ క్లౌ చేసిన ఒక పని అంటే నాకు గౌరవం. 1877 మార్చి నుంచి పదిహేను నెలల పాటు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం చేరేవాళ్ళు ఉంటారని తెలుసు కాబట్టి. కరువు సాయం అంతా ముగిశాక, ఇవ్వడానికి డబ్బులేం లేవు వెళ్ళిపొండి అన్నాక కూడా, మాకు డబ్బేం వద్దు, చేర్చుకోండి అని జనం తిష్ట వేశారు. ఒంగోలుకి ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 2న మొదలుపెట్టారు. ఆ రోజు 614 మంది. 3వ తేదీన 2,222 మంది. 4వ తేదీన 700 మంది. మూడు రోజులకి 3,536.

నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు బోధకులు, ఒక్కో దఫా ఇద్దరు చొప్పున. వాళ్ళు అలిసిపోతే ఇంకో ఇద్దరు. తొమ్మిది గంటల పని అనుకుంటే ఒక్కొక్కరికీ అరనిమిషం పడుతుంది, లెక్క వేసి చూశాను. (పెంతెకొస్తు రోజున మూడువేల మందిని నీళ్ళలో ముంచడం అసాధ్యం అని వాదించేవాళ్ళకి బాప్టిస్టులు అప్పట్నుంచీ ఈ లెక్కే చూపిస్తున్నారు.)

సరే, "అన్నం కోసం మారారు" అనే మాట. ఇది అనేవాళ్ళు పదిహేను నెలల సంగతి చెప్పరు. కాదనేవాళ్ళు కాలువ సంగతి దాటేస్తారు. నా అభిప్రాయం రెండిటికీ మధ్యలో ఎక్కడో లేదు, రెండూ కలిపి ఉంది. కరువులో తమని మనుషుల్లా చూసిందెవరో చూసుకుని, ఆ మనిషి దేవుణ్ణి ఎంచుకున్నారు. దేవుణ్ణి ఎంచుకోవడానికి ఇది నాసిరకం కారణమని నేననుకోను. కానీ ఒకటి మాత్రం మర్చిపోకూడదు. ఆ కరువులో క్రైస్తవులు కూడా చచ్చిపోయారు. వాళ్ళూ ప్రార్థన చేసే ఉంటారు కదా? 2,222 సంఖ్యని పులకరించిపోతూ చెప్పేటప్పుడు ఆ ఒడ్డు దాకా రాలేకపోయినవాళ్ళకి కూడా ఒక వాక్యం కేటాయించాలి.

ఇంకొక వాక్యం కూడా. ఆ నీళ్ళలో దిగినవాళ్ళు ఆశించింది పరలోకం ఒక్కటే కాదు, ఊళ్ళో మనిషిగా తలెత్తుకు తిరగడం. చదువొచ్చింది, ఆసుపత్రులొచ్చాయి, ఉద్యోగాలొచ్చాయి. కానీ 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన మాదిగ షెడ్యూల్డ్ కులం లెక్కలోకి రాడు. ఆ ఉత్తర్వులో 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు గానీ క్రైస్తవుల్ని చేర్చలేదు. మన దగ్గర బీసీ-సీ అని ఒక శాతం. కులం మాత్రం బాప్తిస్మం నీళ్ళలో కొట్టుకుపోలేదు. ఊళ్ళో పాలేనికి దారి ఎటో ఇప్పటికీ అందరికీ తెలుసు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే మా పిన్ని వల్ల. ఆవిడ చిన్న కొడుకు కిడ్నీలు పాడై రెండేళ్ళు డయాలసిస్ మీద ఉండి పోయాడు. అంతకుముందు ఒక కూటంలో ఒక ప్రసంగీకుడు వాడి తల మీద చెయ్యి పెట్టి, యిర్మీయా 29వ అధ్యాయంలోని ఆ ప్రసిద్ధ వాక్యం చెప్పి, ఇది నీ వాగ్దానం, గట్టిగా పట్టుకో అన్నాడు. మీకు మేలే తప్ప కీడు తలపెట్టను అనే అర్థం వచ్చే వాక్యం అది, వాగ్దాన కార్డుల్లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది. వాడు పోయాక అదే మనిషి, ఎక్కడో విశ్వాసంలో లోటు జరిగింది అని తేల్చేశాడు. పిన్ని ఏళ్ళ తరబడి ఆ లోటు ఎక్కడ జరిగిందో వెతుక్కుంటూ గడిపింది. ఏ రోజు ఉపవాసం తప్పిందో, ఏ రాత్రి అనుమానం వచ్చిందో.

ఆ వాక్యానికి సరిగ్గా పైనున్న వాక్యం ఎవరూ చదవరు. అందులో డెబ్బై ఏళ్ళ గడువు ఉంది. బబులోనుకి చెరగా పోయినవాళ్ళకి రాసిన ఉత్తరం అది. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకి పెళ్ళిళ్ళు చెయ్యండి, తిరిగి రావడం ఇప్పట్లో కాదు అని చెప్పే ఉత్తరం. అది విన్న పెద్దవాళ్ళలో చాలామంది బబులోనులోనే మట్టిలో కలిసిపోయి ఉంటారు. అంటే ఆ వాగ్దానం వాళ్ళ పేరు మీద వచ్చింది, చేతికందింది మనవలకి. హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం కూడా అదే చెబుతుంది. పెద్ద పెద్ద విశ్వాసవీరుల జాబితా ఇచ్చి, వీళ్ళంతా వాగ్దానఫలం దూరం నుంచి చూసి పోయినవాళ్ళే అంటుంది. వాళ్ళ విశ్వాసంలో లోటుందని మాత్రం అనదు.

పోయిన వేసవిలో ఒంగోలు వెళ్ళినప్పుడు పిన్నికి డే గురించి చెప్పాను. కొండ కథ ఆవిడకి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చు, జ్యువెట్ తెలుసు, క్లౌ తెలుసు. జ్యువెట్ 1878 సంగతులు చూశాడు, 1897 దాకా బతికాడు. డే మాత్రం 1871లో న్యూయార్క్ రాష్ట్రంలో హోమర్ అనే ఊళ్ళో పోయాడు. వెల్లంపల్లికి ఇంకా ఏడేళ్ళుంది. రెండుసార్లు ఆరోగ్యం పోగొట్టుకుని, తెలుగువాళ్ళ కోసం బోర్డుతో పోట్లాడి, తన కళ్ళతో మాత్రం చూడకుండా వెళ్ళిపోయాడు.

పిన్ని కాసేపు ఏమీ అనలేదు.

"ఆయన కూడా రోజూ ప్రార్థన చేసే ఉంటాడు కదరా?"

"చేసే ఉంటాడు పిన్నీ."

"మరి ఆయనకి విశ్వాసం చాలలేదని ఎవరన్నా అన్నారా?"

ఎవరూ అనలేదని చెప్పాను. ఆ ముక్క మన పాస్టరు గారికి కూడా చెప్పు, వచ్చే డిసెంబరులో చెబుతారు అంది. వెళ్ళి చెప్పాను. ఆయనకి డే పేరు తెలుసు, 1871 సంగతి తెలీదట. కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను.